పడమటి వాకిలి

లోర్నా హెబ్డెన్ మోకాళ్లు వాన సంగతి ఒక రోజు ముందే చెబుతాయి. మా హాగర్‌థార్ప్‌లో రేడియో కంటే వాటినే ఎక్కువ నమ్ముతాం. ఈ జూలైలో అవి రోజూ వానే చెప్పాయి, వాన రోజూ పడింది.

లోర్నాకు యాభై ఏళ్లు. ఇరవై ఎనిమిది వేసవులుగా మా ఊరి పైనున్న గొర్రెల పొలంలో కాలేజీ పిల్లలకు తవ్వకం నేర్పుతోంది. మిగతా నెలల్లో ఎక్కడ కొత్త రోడ్డు పడితే అక్కడ, ఎక్కడ గ్యాసు గొట్టం వేస్తే అక్కడ. యంత్రాలు దిగకముందే నేల గీకి, కింద పాతకాలం వాళ్లు ఏమైనా వదిలారేమో చూసిపెట్టే పని. మూడు నెలల ఒప్పందం, ఆరు నెలల ఒప్పందం, ఎప్పుడూ అద్దె గది. ఒకసారి పెళ్లి కూడా చేసుకుంది. అదీ ఆరు నెలల ఒప్పందం లాంటిదేనని తనే నవ్వుతూ చెబుతుంది.

నా పేరు డోరీన్. ఊరి బడిలో వంట చేసి రిటైరయ్యాను. ఈ తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ వేసవిలో పొలం మూలనున్న రేకుల షెడ్డులో కూర్చుని, పిల్లలు తెచ్చిన పాత కుండ పెంకుల్ని పళ్ల బ్రష్షుతో కడిగి, సంచుల్లో వేసి, చీటీ రాసిపెడతాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. నా నోటికి భయపడి పొమ్మనరని మా ఆయన విల్ఫ్ అనేవాడు.

పిల్లలు వచ్చిన మొదటి రోజు లోర్నా చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. తాపీని మీ వైపుకే లాగండి, ముందుకు తొయ్యకండి. మీరు శుభ్రం చేసిన చోట మళ్లీ కాలు పెట్టకండి. మట్టి రంగు మారితే ఆగండి. చివర్న మాత్రం తలెత్తి, ఒక్కొక్కరి మొహం చూసి చెబుతుంది: "కాగితం మీద మీకు కనిపించిందే రాయండి. కనిపిస్తే బాగుండు అనుకున్నది రాయకండి." ఏటా అదే గొంతు. ఈ ఏడు మాత్రం ఆ మాట చెప్పేటప్పుడు తలెత్తలేదు. మోకాళ్ల నొప్పి అనుకున్నాను.

ఈ పొలానికి ఉన్న పేరంతా ఒక్క ఇంటి వల్ల వచ్చింది. రెండు వేల ఏళ్ల కిందటి గుండ్రటి ఇల్లు. ఇంటి గుంజలు ఎప్పుడో కుళ్లిపోయాయి, కానీ అవి పాతిన గుంతలు సుద్దనేలలో మిగిలాయి. మట్టి ముదురుగా కనిపించిన ప్రతి గుండ్రటి మచ్చా ఒక గుంజ అన్నమాట. ఆ మచ్చల్ని కలుపుకుంటూ పోతే ఇల్లు కనిపిస్తుంది. ప్రొఫెసర్ హ్యూ కార్విక్ ఆ ఇంట్లో సగం తవ్వించాడు. తరవాతి కాలం వాళ్లు ఇంకా మంచి పనిముట్లతో వస్తారని తక్కిన సగం ముట్టుకోకుండా వదిలేశాడు. మంచి అలవాటే. ఆ తవ్విన సగంలో, పడమటి వైపు, వలయానికి కొంచెం బయటగా రెండు గుంతలు పక్కపక్కన దొరికాయి. రెండు గుంజలు పక్కపక్కన ఉంటే అది వాకిలి. ఈ దేశంలో ఆ కాలపు ఇళ్లన్నీ పొద్దు పొడిచే వైపు తెరుచుకుంటే, ఇదొక్కటే పడమరకు తెరుచుకుంది. ఇది చచ్చినవాళ్ల కోసం కట్టిన ఇల్లు అని ప్రొఫెసర్ పెద్ద పుస్తకం రాశాడు. అందరూ ఒప్పుకున్నారు.

ఊరివాళ్లం మేమూ ఒప్పుకున్నాం. బస్సులు ఆగే చోట అచ్చం అలాంటి గుడిసె కట్టాం, వాకిలి పడమరకు పెట్టి. మా కొండ మీద గాలి వచ్చేదే పడమర నుంచి. వాన బయట కంటే ఆ గుడిసె లోపలే ఎక్కువ పడుతుంది. ప్రతి వసంతంలోనూ కప్పు లేచిపోయేది, ప్రతి వసంతంలోనూ మా విల్ఫ్ నిచ్చెనెక్కి కొత్త గడ్డి కప్పేవాడు. ఆ పాతకాలం వాళ్లకు బుర్ర లేదని పైనుంచి తిడుతూ ఉండేవాడు. పోయిన ఏడాది కన్నుమూశాడు, ఆ మాట మీదే ఉండి.

ఇప్పుడు తవ్వకాలు నడిపే డాక్టర్ ఐవర్ ప్రెస్ట్‌కు నలభై దాటలేదు. ప్రొఫెసర్ దగ్గర చదువుకున్నవాడు, మంచివాడే, కానీ తొందర. ఈ ఏడు పడమటి వాకిలిని మళ్లీ తెరిచి, అడుగు మట్టి తీసి పరీక్షకు పంపుతానన్నాడు. లోర్నా వద్దంది. పాత ట్రెంచ్‌లో, అంటే తవ్విన కందకంలో, నీళ్లు నిలుస్తాయంది, పిల్లలకు అది కష్టమంది, వచ్చే ఏడు చూద్దామంది. ఒకేసారి మూడు కారణాలు చెప్పే మనిషి కాదు లోర్నా. నేను గమనించాను గానీ ఐవర్ గమనించలేదు, తన మాటే నెగ్గించుకున్నాడు.

ఆ మూల టామ్సిన్ అనే అమ్మాయికి పడింది. రెండో ఏడు చదువుతోంది. అందరికంటే నెమ్మది. మిగతావాళ్లు గుంత తీసేలోపు ఈ పిల్ల తాపీ తుడుచుకుంటూ ఉంటుందని స్నేహితులు ఏడిపించేవారు. అదిగో, టామ్సిన్ గడ్డ తియ్యకముందే కొత్త యుగం వచ్చేసింది అనేవారు. ఆ పిల్ల నవ్వేది, వేగం మాత్రం పెంచేది కాదు. ఈ తవ్వకం కోర్సు పాసైతేనే డిగ్రీలో ముందుకు పోతుంది.

అయిదో వారం మంగళవారం టీ వేళ ఆ పిల్ల తట్ట పట్టుకుని నా షెడ్డుకు వచ్చింది. తట్టలో ఒక ఇరవై పెన్నీల నాణెం, 1996 నాటిది.

మా తవ్వకాల్లో ఒక ఆనవాయితీ ఉంది. తవ్విన గుంతను మళ్లీ మట్టితో పూడ్చేముందు ఎవరు తవ్వారో వాళ్లు అడుగున ఆ ఏటి నాణెం ఒకటి వేస్తారు. మళ్లీ ఎప్పుడో తవ్వేవాళ్లకు, ఇక్కడికి మేం ముందే వచ్చాం అని చెప్పడానికి. నాణెం దొరికిందంటే పాత గుంత అడుగు దొరికినట్టే.

"ఇది మీదేగా లోర్నా?" అంది టామ్సిన్, గుమ్మంలో నిలబడి బూట్ల బురద గీక్కుంటున్న లోర్నాను చూసి. "పాత కాగితంలో లో.హె. అని ఉంది."

లోర్నా నాణేన్ని చూసి అవునంది.

"ఒక్కటి అడగనా? మిగతా గుంతల్లో పక్కలకి వెడల్పు గాట్లున్నాయి, పాతకాలం పనిముట్లవి. దీంట్లో అన్నీ సన్నటి గాట్లే. నా తాపీ పెట్టి చూశా, సరిగ్గా సరిపోయింది. గాట్ల వెనకాల సుద్ద ఉండాలి, అక్కడా ఎర్ర బంకమట్టే. మనిషి తవ్వి పూడ్చిన మట్టిలా లేదది. ఏం రాయమంటారు?"

లోర్నా నోటి నుంచి ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు కొద్దీ మాట వచ్చేసింది. నీకు కనిపించింది రాయి అంది. అనేసి, టీ కప్పు బల్ల మీదే వదిలేసి వానలోకి వెళ్లిపోయింది.

ఆ పిల్ల కనిపించింది రాసింది. పక్కల్ని తాపీతో చెక్కారు, ఇది నేలలో సహజంగా ఉన్న బంకమట్టి గుంట, పోయినసారి తవ్వినవాళ్లు దీన్ని గుండ్రంగా చేశారని నా అభిప్రాయం, ఇది గుంజ గుంత కాదు. పెన్సిల్‌తో, పొందికైన అక్షరాలతో రాసింది.

బుధవారం ఐవర్ అది చదివాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. పిల్లలందరి ముందూ, ఓపిగ్గా, రెండో ఏడు చదివే అమ్మాయి ఒక వాక్యంతో ఒక పుస్తకాన్ని కొట్టేయకూడదన్నాడు. ఆ గుంత ప్రొఫెసర్ కళ్లముందు తవ్వినదన్నాడు. పాత నాణెం తీసేటప్పుడు నీ తాపీయే పక్కలకి తగిలి ఉంటుంది, గాట్లు నీవే అన్నాడు. తిరగరాయకపోతే, తవ్వింది కాగితంలో నమోదు చేసే పరీక్షలో పాస్ చెయ్యలేనన్నాడు. తరవాత లోర్నా వైపు తిరిగి, నువ్వు అప్పుడు ఇక్కడే ఉన్నావుగా, కాస్త చెప్పు అన్నాడు. లోర్నా చూసి చెబుతానంది. టామ్సిన్ ఆమె వైపే చూస్తూ నిలబడింది. లోర్నా మోకాళ్ల కింద వేసుకునే తన రబ్బరు చాప ఎత్తుకుని ఇంకో మూలకు పోయింది.

గురువారం వాన మరీ ఎక్కువై అందరం షెడ్డులో ఇరుక్కున్నాం. తడి కోట్ల వాసన, సూప్ వాసన. టామ్సిన్ కిటికీ పక్కన కూర్చుని రబ్బరుతో తన వాక్యాల్ని చెరుపుతోంది. కాగితం చిరగకుండా, ఒక్కో గీత. గుంత తవ్వినంత నెమ్మదిగా చెరిపింది. లోర్నా అది చూస్తూ చాలాసేపు ఉంది. తరవాత నా బల్ల దగ్గరకు వచ్చి, ఒక బ్రష్షు తీసుకుని, ఇప్పటికే శుభ్రంగా ఉన్న పెంకును కడగడం మొదలెట్టింది.

"గాట్లు ఆ పిల్లవి కావు డోరీన్. నావి."

నేను చేతిలో బ్రష్షు కింద పెట్టాను. ఆమే చెప్పుకుపోయింది. ఆ ఏడు సీజను చివరి రోజట. తనకు ఇరవై రెండేళ్లు, అంతవరకూ ప్రొఫెసర్‌కు తన పేరు కూడా తెలియదు. ఒక గుంజ గుంత దొరికింది, దానికి జంట కావాలి. ఆయన ట్రెంచ్ గట్టున నిలబడి, ఇక్కడ ఇంకొకటి ఉండి తీరాలి అమ్మాయ్ అన్నాడు. చూస్తే ఎర్రగా ఒక మచ్చ ఉంది. తవ్వింది. అంచు దొరకలేదు. ఇంకా తవ్వింది. ఒక పక్క నిలువుగా వచ్చింది కదా అని రెండో పక్క కూడా నిలువుగా చేసింది. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదట, వెతుకుతున్నానని అనుకుందట. సాయంత్రానికి చక్కటి గుండ్రటి గుంత తయారైంది. ఆయన వచ్చి చూసి భుజం తట్టాడు. మర్నాడు టీ డేరాలో అందరి ముందూ లోర్నా అని పేరు పెట్టి పిలిచాడు. మరుసటి వేసవి పని ఇచ్చాడు. అప్పటినుంచి తనకు దొరికిన ప్రతి పనికీ, వాకిలి కనిపెట్టిన అమ్మాయి అనే పేరే ముందు నడిచింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను.

"రెండేళ్లకి. వేరే చోట అలాంటి బంకమట్టి గుంటలే వంద చూశాక. ఈలోగా పుస్తకం వచ్చేసింది."

నాకు ఒళ్లు మండిపోయింది, దాచడం దేనికి. విల్ఫ్ నిచ్చెన మీద తడిసిన వసంతాలన్నీ కళ్లముందుకు వచ్చాయి. "ఇరవై ఎనిమిదేళ్లు. ఆ దిక్కుమాలిన గుడిసెలో వాన కారుతుంటే మా ఆయన చచ్చినవాళ్లని తిట్టుకుంటూ చచ్చాడు. వాళ్లకి బుర్ర ఉందని ఒక్క ముక్క చెప్పలేకపోయావ్?"

"చెప్పాలనే వస్తాను ప్రతి ఏడూ," అంది లోర్నా. "ప్రొఫెసర్‌ని చూస్తాను. అలిసిపోతాను."

ఆ అలసట నిజమే. ఎదురుగా కూర్చున్న మనిషి యాభై ఏళ్లదానిలా లేదు. నా కోపం దిగలేదు, అయినా టీ పోసిచ్చాను. రేపు ప్రొఫెసర్ వస్తాడు, ఊరివాళ్లు తవ్వకాలు చూసే రోజు. ఎనభై ఒకటి ఆయనకు, భార్య పోయింది, చూపు మందగించింది. ఆయనకు మిగిలింది ఆ వాకిలి ఒక్కటే అంది లోర్నా. మరి ఆ పిల్లకు మిగిలేదేమిటి అన్నాను. కిటికీ దగ్గర రబ్బరు చప్పుడు ఆగింది. చెరపడం అయిపోయింది.

శుక్రవారం కాస్త తెరిపిచ్చింది. ప్రొఫెసర్‌ను ఆయన కూతురు కారులో తెచ్చి, పొలం దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. ట్రెంచ్ గట్టున మడత కుర్చీ వేశాం. ఐవర్ టామ్సిన్‌ను ముందుకు పిలిచి, పడమటి గుంజ మళ్లీ తవ్వింది ఈ అమ్మాయేనని చెప్పాడు. పిల్లలు రాసింది పైకి చదివించుకోవడం ప్రొఫెసర్‌కు పాత అలవాటు. చూపు తగ్గాక మరీను.

టామ్సిన్ కాగితం తీసి చదివింది. గుండ్రటి గుంత, నిటారు పక్కలు, చదునైన అడుగు, వాకిలి గుంజకు చెందినది. గొంతులో జీవం లేదు. ప్రొఫెసర్ కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

"అది కాదు," అంది లోర్నా. "మొదట రాసింది చదువు."

"చెరిపేశాను."

"అయితే నేనే చెబుతాను."

ట్రెంచ్‌లోకి దిగింది. దిగడానికి ఆమెకిప్పుడు ముందు కూర్చుని, కాళ్లు వేలాడేసి, తరవాత జారాలి. ఆ గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన పాత తాపీని ఒక గాటులో పెట్టింది. మూత పెట్టినట్టు సరిపోయింది. ఈ గాట్లు టామ్సిన్‌వి కావు, నావి అంది. ఇక్కడ గుంజ లేదు, బంకమట్టి ఉంది, నేను దాన్ని గుంత చేశాను. ఆ పిల్ల రాసింది సరైనదే, ఆమెను పాస్ చెయ్యాలి. అంతా చెప్పింది, గురువారం నాకు చెప్పినదాని కంటే తక్కువ మాటల్లో. నేను కాస్త దూరంలో, చేతిలో తట్టతో నిలబడ్డాను.

కూతురు ప్రొఫెసర్ భుజం మీద చెయ్యి వేస్తే తీసేశాడు.

"చెప్పడానికి నీకు ఇరవై ఎనిమిది వేసవులున్నాయి అమ్మాయ్," అన్నాడు. "ప్రతిసారీ నాకు టీ తెచ్చిచ్చావు."

లోర్నా తల వంచుకునే అవునంది. క్షమించమని అడగలేదు. అడిగితే ఏమనేవాడో నాకు తెలియదు.

"మరి వాకిలి ఎక్కడ?" అన్నాడు ఆయన. ఎవర్నీ అడిగినట్టు కాదు. తన పుస్తకాన్ని అడిగినట్టు.

టామ్సిన్ తిరిగి చూసింది, ఆమె చూస్తే అందరం చూశాం. మిగతా ఇళ్లన్నిటి వాకిళ్లు ఉన్నవైపు, ఆగ్నేయంగా, తవ్వకుండా వదిలేసిన సగంలో. అక్కడ మట్టిదిబ్బ ఉంది. వాకిలి పడమర దొరికింది కాబట్టి అక్కడేమీ ఉండదనుకుని, తవ్విన మట్టంతా అక్కడే పోస్తూ వచ్చారు. ఇద్దరు మనుషుల ఎత్తు పెరిగింది. పైన గడ్డి మొలిచి గొర్రెలు మేస్తున్నాయి. మట్టి బండి ఎక్కడ పొయ్యాలి అని పిల్లలు అడిగితే, ఏటా తలెత్తకుండానే ఆ వైపు చెయ్యి చూపించింది లోర్నానే.

ప్రొఫెసర్ ఇంటికి పోతానన్నాడు. లోర్నాతో మాట్లాడలేదు. ఐవర్ ఆ సాయంత్రం టామ్సిన్‌కు కొత్త కాగితం ఇచ్చి, మొదట రాసిందే మళ్లీ రాయమని, తప్పు తనదని చెప్పాడు. అంతవరకు మెచ్చుకోవాలి. లోర్నా వచ్చే ఏడు ఒప్పందం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఆమె అడగనూ లేదు.

శిబిరానికి ఇంకో వారమే మిగిలింది. తడి నేలలోకి యంత్రం రాదు. సోమవారం పొద్దున నేను షెడ్డు తాళం తీసేసరికి లోర్నా అప్పటికే దిబ్బ దగ్గర ఉంది, పారతో, ఒంటి చక్రం బండితో, మోకాళ్లకు గుడ్డ పట్టీలు చుట్టుకుని. వారంలో ఆ దిబ్బలో పదో వంతు కూడా కదలదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆమెకు తెలియదా. టామ్సిన్ వచ్చి ఏమీ అడక్కుండా ఇంకో పార తీసుకుంది. తరవాత మిగతా పిల్లలు ఒక్కొక్కరే.

పది గంటలకు, సన్నటి వానలో, ప్రొఫెసర్ కారు వచ్చింది. ఎవరూ పిలవలేదు. కూతురు మడత కుర్చీ వేస్తే కూర్చుని, కర్ర మీద చేతులు పెట్టుకుని, కనిపించీ కనిపించని కళ్లతో దిబ్బ వైపు చూస్తూ ఉన్నాడు.

మొదటి బండి నిండాక, ఎక్కడ పొయ్యాలని టామ్సిన్ అడిగింది. ఆగు అని, లోర్నా నా షెడ్డుకు వచ్చింది. పాత నాణెం ఇమ్మంది. ఒక చీటీ కూడా కావాలంది, తడికి చెరగని సిరాతో, నా చేతిరాతతో. ఏం రాయాలో చెబితే రాశాను. ఇది గుంజ గుంత కాదు. 1996లో నేను చేశాను. లోర్నా హెబ్డెన్. ఈసారి పొడి అక్షరాలు వద్దంది, పేరంతా రాయమంది. నాణేన్నీ చీటీనీ సంచిలో వేసి ఇద్దరం పడమటి గుంత దగ్గరకు నడిచాం.

దారిలో ప్రొఫెసర్ కర్ర అడ్డం పెట్టి ఆపాడు. అదేమిటి అన్నాడు. నేను చీటీ తీసి చదివి వినిపించాను. ఆయన చెయ్యి చాచి కలం అడిగాడు. చీటీని మోకాలి మీద పెట్టుకుని, కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా వంగి, లోర్నా పేరు కింద వంకర అక్షరాలతో రాశాడు: ఉండి తీరాలి అన్నది నేను. హ్యూ కార్విక్.

తిరిగి నా చేతికే ఇచ్చాడు, లోర్నా చేతికి కాదు. ఆమె మొహం చూడలేదు. లోర్నా ఆ చీటీని రెండుసార్లు చదువుకుంది. సంచి మూతి కట్టి, గుంత అడుగున పెట్టి, టామ్సిన్ తోసుకొచ్చిన బండిని తనే ఎత్తి మట్టి గుమ్మరించింది. ఏడుస్తోందని నాకు తెలుసు, వాన వల్ల ఎవరికీ కనపడలేదు.

తరవాత ఖాళీ బండి తోసుకుంటూ దిబ్బ దగ్గరకు వెళ్లింది. దిబ్బ అంతా అలాగే ఉంది.